పత్తర్‌గట్టి నడిమిట్ల ఆగిన బండి

పాతబస్తీకి పోయివచ్చిన అంటే మా కామారెడ్డిల అందరు అడిగేది ఒక్కటే, చార్మినార్ ఎక్కినవా అని. ఎక్కలే. దూరంకెళ్లి చూసిన, అది గూడ కారు అద్దంలకెళ్లి, ఎనుకకెళ్లి పదిమంది బండిని నూకుతుంటే. గాజులు కొనలే, ముత్యాలు కొనలే. అయినా ఇన్నేండ్లల్ల నేను పోయిన ఊర్లల్ల, ఇంత నిమ్మళంగ ఇంటికి తిరిగొచ్చిన ఊరు ఇంకొకటి లేదు. ఎందుకో చెప్త.

ఎందుకు పోవాల్సొచ్చిందంటే

నా పేరు విజయ. ఊర్లె అందరికి డ్రైవింగు మేడంను. ఆడోళ్లకు కారు నేర్పిస్త. ఉన్నది ఒకటే బండి, కార్బురేటర్ల కాలం నాటి తెల్ల చిన్న కారు. స్టీరింగు దిక్కు నేర్చుకునేటామె కూసుంటది, పక్క సీట్ల నేను కూసుంట, నా కాలి కింద ఇంకో బ్రేకు ఉంటది. టీచర్లు, నర్సులు, బట్టల దుకాణం నడిపేటోళ్లు, చానమంది ఆ బండి మీదనే నేర్చుకున్నరు. ముసలిదే గని చెప్పినట్టు వింటది.

వానలు ఎనుకబడుతున్న రోజులల్ల ఒక పొద్దు, పద్మ అనే అంగన్‌వాడీ టీచర్ నడుపుతున్నది. ఆమెకన్న ముందు ఇంకో ఇద్దరి క్లాసులు అయినయి, బండి అప్పటిదాక ఆగకుండ తిరుగుతనే ఉన్నది. ఊరవతల రైల్వే గేటు తెరిచే ఉన్నది. సరిగ్గ పట్టాల నడిమిట్లకు పోంగనే ఇంజను రెండు మూడు సార్లు దగ్గి ఆగిపోయింది. తాళం తిప్పితే తిరుగుతది గని అందుకోదు. గేటాయన ఒకటే లొల్లి. ఇద్దరం దిగినం. ఆయన, పాలు పోసేటోళ్లు ఇద్దరు వచ్చి చెయ్యేస్తే బండి అవతల పడ్డది. కొంచెం సేపటికే గేటు పడి గూడ్సు బండి వచ్చింది. పద్మ ఆ డబ్బాలన్ని పోయేదాక కదలకుండ చూసింది. ఆఖరి డబ్బా పోయినంక ఒకటే మాట అన్నది.

"నేనే ఆపేసిన మేడం. నా కాలే క్లచ్చు మీదికెళ్లి జారింది."

నేను ఆ టైముల గేటాయన దిక్కు చూస్తున్న. ఆమె కాలు ఏడ ఉన్నదో చూడలే. "కాదమ్మా, బండిదే ఏదో ఉన్నది" అన్న గని నా దగ్గర రుజువేముంది? ఊర్లె ముగ్గురు మెకానిక్కులకు చూపెట్టిన. ముగ్గురు ట్రయలు కొట్టిండ్రు. ముగ్గురి చేతుల్ల కిమ్మనకుండ నడిచింది. "బండికేం కాలే మేడం, కొత్త కాళ్లు గద, నేర్చుకునేటోళ్లే ఆపుకుంటరు" అని నవ్విండ్రు. ఆ నవ్వు ఊరంత తిరిగి పద్మ ఇంటిదాక పోయింది. పద్మ ఇంక స్టీరింగు పట్టనన్నది. కారే కాదు, స్కూటీ గూడ మూలకు పెట్టింది. ఆమె సెంటరు తండాల ఉంటది, రోజు ఆటోలు మారి, ఆటో దొరకకపోతే నడిచి పోతున్నది. తన చేతికి, కాలికి ఇంక ఏ బండి ఇయ్యద్దని గట్టిగ అనుకున్నది.

నాకు మస్తు కోపమొచ్చింది. ఎవరి మీద అంటే ఏం చెప్పాలె. "బండి ఎందుకు ఆగిందో తెలిసేదాక ఇంకో ఆడపిల్లను అందుల కూసోపెట్ట. తెలుస్తే నడిపిస్త, తెలువకపోతే తుక్కుల ఏస్త" అని అందరి ముందట చెప్పేసిన. హైదరాబాదుల మా సుగుణక్క ఉంటది. అక్క మొగడు, అంటే మా బావ, ఫోన్‌ల చెప్పిండు: "కిషన్‌బాగ్‌ల ఖాజా అని ఒకడున్నడు. పాత బండ్లు తప్ప ముట్టడు. నోరెక్కువ, గని పని చేస్తడు. రా."

తూప్రాన్ దాటినంక

మా ఆయన ఎంబడి వస్తనన్నడు. వద్దన్న. ఆయన పక్కన కూసుంటే నేను బ్రేకు తొక్కక ముందే ఆయన కాలు పక్క బ్రేకు మీదికి పోతది, దాంతోని నాకు చెమటలు పడ్తయి. ఒక్కదాన్నే బయల్దేరిన. రామాయంపేటల మిర్చి బజ్జీలు తిని, చాయ్ తాగి, పాటలు పెట్టుకొని మంచిగ పోతున్న. తూప్రాన్ దాటినంక బండి దగ్గింది. మళ్ల దగ్గింది. ఎడమకు తీసేలోపట ఆగింది.

వేరేటోళ్లకైతే ఏడుపు రావాలె. నాకు పాణం లేచొచ్చింది. స్టీరింగు మీద కొట్టి "దొరికినవే!" అని ఒర్రిన. పక్కన మక్క కంకులు కాల్చే ముసలామె ఉలిక్కిపడి చూసింది. నా కాలు ఆక్సిలేటరు మీదనే ఉన్నది, క్లచ్చు జోలికే పోలే. అక్కడికెళ్లే పద్మకు ఫోన్ చేసిన.

"పద్మా, నా చేతుల గూడ ఆగింది! బండిదే తప్పు!"

 ఆమె మెల్లగ అన్నది. "మీరు మంచోళ్లు మేడం. నా కోసం గిట్ల చెప్తున్నరు. నాకు తెలుసు గద నా కాలు జారింది." పెట్టేసింది.

కంకులామె నాకొక కంకి చేతుల పెట్టి, ఉప్పు కారం రాసి, "తిను బిడ్డా, వేడికి ఆగి ఉంటది, సల్లవడితే అదే లేస్తది" అన్నది. మా దిక్కు పది రూపాయలకే కంకి, ఈమె ఇరవై అన్నది, హైవే రేటు గావచ్చు. అంతల ఒక లారీ డ్రైవరు దిగొచ్చి పెట్రోలుల నీళ్లు పడ్డయన్నడు. బైకాయన ఒకడు కాయిలు పోయిందన్నడు. వాళ్లిద్దరు కొట్లాడుకుంటుంటే నేను కంకి ఒలుచుకుంట కూసున్న. కంకి అయిపోయినంక తాళం తిప్పితే ఏం కానట్టు లేచింది. మేడ్చల్ కాడ పెట్రోలు పోయించిన. అక్కడికెళ్లి ఉప్పుగూడ దాక మళ్ల దగ్గలే.

ఉప్పుగూడ

అక్కోళ్ల ఇల్లు స్టేషనుకు దగ్గర. బావ ఒక ఆఫీసుల గుమాస్తా. ఆ గల్లీల చానమంది గట్లనే, గుమాస్తాలు, చిన్న వ్యాపారులు, రోజు కూలికి పోయేటోళ్లు. మా ఊర్లె ఇంటికి ఎవరన్న వస్తే "తిన్నవా" అని అడుగుతరు. ఆ గల్లీల నేను కారు దిగంగనే "ఏమైంది బండికి?" అని అడిగిండ్రు. అక్క ముందే అందరికి చెప్పి పెట్టింది. ఎదురింటాయన బానెటు లేపి లోపలికి తొంగి చూసి, ఏం ముట్టకుండ, తల ఊపుకుంట మూసి పోయిండు. ఆయన బియ్యం వ్యాపారం చేస్తడట.

అక్క చింతచిగురు పప్పు, సర్వపిండి చేసింది. తినుకుంట ఉంటే లోకల్ రైలు కూత పెట్టింది. నా చేయి కంచంల ఆగిపోయింది. అక్క చూసింది. "గంతగనం భయపడ్డవా?" అన్నది. భయపడ్డ అన్న. ఎవరికి చెప్పలే అప్పటిదాక. పక్కన కూసున్నదాన్ని నేను, ఆ పిల్లకేమన్న అయితే ఏ ముఖం పెట్టుకొని వాళ్లింటికి పోదును అన్న. అక్క ఇంకో సర్వపిండి ముక్క ఏసి, "రేపు ఖాజా చూస్తడు, ఫికర్ చెయ్యకు" అన్నది.

కిషన్‌బాగ్ ఖాజా భాయ్

మా దగ్గర మెకానిక్కులు ఎనిమిదికే షెట్టరు లేపుతరు. కిషన్‌బాగ్‌ల పదకొండైతే గని మనిషి కనబడలే. ఖాజా భాయ్ గడ్డానికి మెహందీ పెట్టిన పెద్దమనిషి. తెల్ల బనియను, గళ్ల లుంగీ, చేతుల పాన్. కార్ఖానా అంటే ఒక రేకుల షెడ్డు, ముందట మూడు పాత కార్లు, వాటి మీద ఆరేసిన బట్టలు. ఇంటోళ్లవే.

"అక్కా, మొత్తం హైదరాబాదుల పాత గాడీ నాడి తెలిసినోళ్లు ఇద్దరే. ఒకరు మా అబ్బా, ఆయన పోయిండు. రెండోడు నేను" అన్నడు. బావ చెప్పింది నిజమే, నోరెక్కువ.

కానీ ఆయన అడిగిన మొదటి మాట మా ముగ్గురు మెకానిక్కులు అడగనిది. "ఆగినప్పుడు ఎట్ల ఆగింది? ఇంట్ల లైటు బంద్ చేసినట్టు టక్కున ఆగిందా, దగ్గి దగ్గి ఆగిందా?"

"దగ్గి దగ్గి" అన్న.

"అయితే కరెంటుది కాదు. టక్కున ఆగితే కాయిలో, వైరో. దగ్గితే పెట్రోల్ అందుతలేదు. తిండి దొరకని మనిషి ఒకేసారి పడడు గద."

సరే అని ఇద్దరం ట్రయలుకు బయల్దేరినం. ఆయన పద్ధతి ఏందంటే, బండి ఎవరిదో వాళ్లే నడపాలె, తాను పక్కన కండ్లు మూసుకొని వింటడు. ఇంకో పద్ధతి అన్ని ఊర్ల మెకానిక్కులది: ట్రయలుకు ముందు బంకుకు పోవుడు. "పెట్రోల్ డాలో పహలే, మధ్యల అయిపోతే నా పేరు పోతది" అని ముందు బంకుకే పట్టిచ్చిండు. జూపార్కు రోడ్డు, బహదూర్‌పురా తిరిగి వచ్చినం. బండి పెండ్లిపిల్ల నడిచినట్టు నడిచింది. నాకు ఒళ్లు మండింది. మళ్ల పోదమన్న. మళ్ల బంకు, మళ్ల అదే. ఖాజా భాయ్ కండ్లు తెరిచి, "డాక్టర్‌ను చూసి జరం దాసుకున్నది" అని నవ్విండు. నాకు నవ్వు రాలే. కామారెడ్డిల ముగ్గురి నవ్వులు యాదికొచ్చినయి.

నా ముఖం చూసి ఆయన గూడ నవ్వు ఆపిండు. "ఏంది అక్కా, గింత పరేశాన్ ఎందుకు? బండే గద." అప్పుడు చెప్పిన, పద్మ సంగతి, గేటు సంగతి, కాలు జారిందని ఆమె నమ్ముడు సంగతి. ఆయన పాన్ ఉమ్మేసి వచ్చి బండి పక్కన స్టూలేసుకొని కూసున్నడు. ప్లగ్గులు విప్పి చూసిండు, మంచిగనే ఉన్నయి. పెట్రోలు పైపులు ఊది చూసిండు, సాఫు ఉన్నయి. కార్బురేటరు గిన్నెల చెత్త లేదు. ఆఖరికి పెట్రోలు పంపు విప్పి, లోపలి రబ్బరు పొరను వెలుతురుకు పట్టి, దాని అంచుకున్న చిన్న చీలిక నాకు చూపెట్టిండు. "గిదే దొంగ. వేడైతే సాగుతది, పెట్రోల్ గుంజదు. నూటికి నూరు గిదే. రేపు కొత్త పొర తెచ్చుకో, అరగంట పని."

ఆ రోజు అయితారం. లోపలికెళ్లి వాళ్లింటామె పెద్ద పళ్లెం పంపింది. పసుప్పచ్చ ఖిచిడీ, పక్కన ఖీమా, నువ్వులు చింతపండు కలిపిన ఖట్టా. మేము ఖిచిడీ అంటే పాణం బాగలేనప్పుడు తినేది. వీళ్లకు అది పండుగ తిండి లాగ పొద్దుగాల ఇష్టంగ తినేది, ఆ రోజు నా కోసం మధ్యాహ్నం గూడ చేసింది. ఖట్టా పోసుకొని కలుపుతుంటే పచ్చిపులుసు యాదికొచ్చింది గని నువ్వులతోని ఇంకో తీరు కమ్మదనం. రెండోసారి వడ్డించుకున్న. దొంగ దొరికిండన్న సంతోషం గూడ కలిసింది గావచ్చు, తిండి మంచిగ దిగింది.

సేటు దుకాణం

పత్తర్‌గట్టి అంటే అందరికి బట్టల దుకాణాలు, అత్తర్లు, రాతి వరండాలు. ఆ వరండాల ఎనుక గల్లీల పాత సామాన్ల దుకాణం ఒకటున్నది. సేటు వాళ్ల తాతల నాటికెళ్లి అక్కడనే. తెల్ల పరుపు మీద చెప్పులిడిసి కూసోవాలె. మా ఊర్లె దుకాణంల నిలబడి రేటు అడుగుతం, నచ్చకపోతే ముందటికి పోతం. ఇక్కడ రేటు అడిగితే సేటు చాయ్ చెప్పిండు. చాయ్ తాగినంక మళ్ల అడిగితే, "పాత ముక్క చూపెట్టమ్మా" అన్నడు.

"పాత ముక్క ఎందుకు? బండి పేరు చెప్పిన గద."

"పేరు చెప్తే పేరు ఇస్త. ముక్క చూపెడితే ముక్క ఇస్త" అన్నడు. పక్కకు పక్క పెట్టి కొలవకుండ ఆ దుకాణంల వస్తువు బయటికి రాదట, అది వాళ్ల తాత పెట్టిన రివాజట. నేనేమో ఆ పాత పొరను ఖాజా భాయ్ స్టూలు మీదనే ఇడిసి వచ్చిన. మళ్ల ఆటో, మళ్ల కిషన్‌బాగ్, మళ్ల ఆటో. తిరిగొచ్చేసరికి సేటు ఇంకో చాయ్ చెప్పిండు. నాలుగు డబ్బాలు తీసి, పొర మీద పొర పెట్టి, మొదటి మూడు పక్కన పడేసిండు. అవి గూడ అదే బండి పేరు ఉన్నయే, కానీ బోల్టుల తూట్లు ఇంత జరిగి ఉన్నయి. పొద్దున పేరు చూసి ఇచ్చి ఉంటే నాలుగు దినాలు తిప్పలు పడుదును. ఆయన మీద వచ్చిన కోపమంత చాయ్‌తోని దిగింది.

ఖాజా భాయ్ పొద్దుమీకకముందే పంపు బిగించిండు. నేను నిమ్మళంగ ఊపిరి తీసుకున్న.

పత్తర్‌గట్టి నడిమిట్ల

తెల్లారి ఆఖరి ట్రయలు. ఖాజా భాయ్ అలవాటుగ "బంకు" అన్నడు.

"ఏడ పోయమంటవు భాయ్? నీ ట్రయళ్లకు పోసి పోసి ట్యాంకు మూతిదాక ఉన్నది. ఇంక పోస్తే రోడ్డు మీద కారుతది" అన్న.

ఆయన ముల్లు చూసి, "హౌ, ఫుల్ ఉన్నది" అని ఊకున్నడు. మొదటిసారి బంకుకు పోకుండ బయల్దేరినం. పురానాపూల్ దాటి, మదీనా కాడ తిరిగి, చార్మినార్ దిక్కు పత్తర్‌గట్టి రోడ్డు ఎక్కినం. ముందట కమాను, దాని అవతల చార్మినార్ మీనార్లు. అటు ఇటు బండ్లు, ఆటోలు, బురఖాల ఆడోళ్లు, చెరుకు రసం బండి. నేను ఖాజా భాయ్‌తోని "ఇగ రేపు పొద్దున ఊరికి పోత" అంటున్న. బండి దగ్గింది.

 మళ్ల దగ్గింది. ఆగింది, నట్టనడిమిట్ల.

ఎనుక హారన్లు ఒక్కపారి మోగినయి. ఖాజా భాయ్ మాత్రం కండ్లు పెద్దగ చేసి, "మాషా అల్లా!" అన్నడు. బండి ఆగితే అంత సంతోషపడ్డ మనిషిని నేను చూడలే. అద్దంలకెళ్లి తల బయటపెట్టి, "భాయియో, జర ధక్కా మారో!" అన్నడు. చెరుకు రసమాయన, బట్టల దుకాణం సేల్స్‌మన్లు, ఎవరో కాలేజీ పిల్లలు, అందరు కలిసి నూకి వరండా పక్కకు పెట్టిండ్రు. సలహాలు మొదలైనయి. కాయిలు, కార్బురేటరు, పెట్రోలుల నీళ్లు, ఒకాయన దిష్టి అన్నడు.

ఖాజా భాయ్ కార్బురేటరుకు పోయే పైపు విప్పి చేతుల పట్టుకొని, "మారో సెల్ఫ్" అన్నడు. తాళం తిప్పిన. పైపుల ఒక్క చుక్క రాలే. కొత్త పంపు, నిండిన ట్యాంకు, చుక్క లేదు. ఆయన ముఖం చిన్నగయింది. "నూటికి నూరు పంపే" అన్న మనిషి గద. కొంచెం సేపు గడ్డం గోక్కున్నడు. "ట్యాంకులకెళ్లి వచ్చే పైపు ఏడనో పట్టేసి ఉంటది. అక్కా, ఆ ట్యాంకు మూత తియ్యి, ఎనుకకెళ్లి హవా కొడ్త" అన్నడు.

నేను ఎనుకకు పోయి మూత తిప్పిన. గట్టిగున్నది. కొంగుతోని పట్టి తిప్పిన.

"ఉస్స్స్..."

లోపలికి గాలి గుంజుకున్నది. నా వేళ్లకు తగిలింది ఆ గుంజుడు. ఆ లొల్లిల గూడ ఖాజా భాయ్‌కు వినబడ్డది. ఆయన నా దిక్కు చూసిండు, నేను ఆయన దిక్కు చూసిన. "మళ్ల మారో" అన్నడు మెల్లగ. నేను ఉరికి పోయి తాళం తిప్పిన. పైపులకెళ్లి పెట్రోలు పిచికారీ లెక్క ఎగిసి ఆయన బనియను మీద పడ్డది.

"యా అల్లా, బండికి ఊపిరి ఆడుతలేదు!" అని ఒర్రిండు.

తర్వాత నాకు ఇడమర్చి చెప్పిండు. పాత బండ్లల్ల పెట్రోలు మూతకు సూదిమొన అంత తూటు ఉంటది. పెట్రోలు తరుగుతుంటే ఆ తూటులకెళ్లి గాలి లోపలికి పోవాలె. తూటు మూసుకపోతే ట్యాంకుల గాలి తక్కువై, పెట్రోలును లోపలికే గుంజి పట్టుకుంటది, పంపు ఎంత గుంజినా రాదు. బండి కొంచెం సేపు ఆగితే ఎట్లనో గాలి సందు చేసుకొని పోతది, మళ్ల లేస్తది. బంకుల మూత తీసినప్పుడల్ల గాలి నిండుతది, కొంచెం దూరం మంచిగ పోతది. ట్రయలుకు ముందు మెకానిక్కులందరు బంకుకు పోవుడే రోగాన్ని దాసింది. ఈసారి ట్యాంకు నిండుగ ఉన్నది, లోపల గాలికి జాగనే లేదు, అందుకే జల్ది దొరికింది.

"తూటు ఎందుకు మూసుకపోయింది?" అని ఇద్దరం మూత తిప్పి చూసినం. మూత కనబడుతలేదు. పసుపు, దాని మీద కుంకుమ, దాని మీద మళ్ల పసుపు, నూనె, గంధం, రొట్టె మందం గట్టిపడి ఉన్నది.

"యే క్యా హై అక్కా? లేపనమా?"

నేను నెత్తి పట్టుకున్న. నా దగ్గర నేర్చుకొని లైసెన్సు తెచ్చుకున్న ప్రతి ఆమె ఒక కొబ్బరికాయ పట్టుకొని వస్తది. కాయ కొట్టి, బానెటుకు, స్టీరింగుకు బొట్టు పెడ్తది. తర్వాత ఎనుకకు పోయి, పెట్రోలు మూతకు పసుపు కుంకుమ పెడ్తది, బండి కడుపు ఎప్పుడు నిండుగ ఉండాలెనని. ఎవరు మొదలుపెట్టిండ్రో తెలువది, మొదటామె పెట్టిందని రెండో ఆమె పెట్టింది, ఇగ అందరు పెట్టిండ్రు. పొడి బొట్టు రాలిపోతదని నూనెల తడిపి మరీ అద్దుతరు. నేను పక్కన నిలబడి ఫోటోలు తీస్త. ఆ మూతను బంకోళ్లు తీస్తరు, పెడ్తరు, నేను ఏనాడు దగ్గరికి పోయి చూడలే. ప్రేమతోని పెట్టిన బొట్లే బండి ముక్కు మూసినయి.

ఇది చెప్తే చుట్టున్నోళ్లందరు ఒకటే నవ్వు. దిష్టి అన్నాయన మాత్రం, "చూసిండ్రా, నేను చెప్పలే?" అన్నడు. నా గాజులకు పెట్టుకున్న పిన్నీసు తీసి, మూత మీద గోకి, ఆ తూటు దేవులాడి, మొన గుచ్చిన. నోటితోని ఊదితే అవతలి దిక్కు గాలి వచ్చింది. నాకు అక్కడనే, పత్తర్‌గట్టి రోడ్డు మీద, కండ్లల్ల నీళ్లు తిరిగినయి. చెరుకు రసమాయన ఒక గ్లాసు తెచ్చిచ్చిండు, పైసలు తీసుకోలే.

సబ్బుముక్క

ఫోన్ చేతుల పట్టుకున్న గని పద్మకు చెయ్యలే. చేస్తే ఏమంటదో తెలుసు. "నా కోసం చెప్తున్నరు మేడం."

కార్ఖానాకు వచ్చినంక ఖాజా భాయ్‌ని అడిగిన, ఇదే రోగమని గట్టిగ ఎట్ల చెప్తవని. మొన్న నూటికి నూరు పంపన్నడు గద. ఆయనకు కోపం రాలే. "సహీ బాత్. రోగం పోయిందంటే సరిపోదు, మళ్ల తెప్పించి చూడాలె" అన్నడు. లోపలికెళ్లి బట్టల సబ్బు తెచ్చి, గోరంత ముక్క మెత్తగ చేసి మూత తూటు మీద అద్దిండు. బహదూర్‌పురా దిక్కు పోయినం. కొంత దూరం పోయినంక దగ్గింది, ఆగింది. దిగి మూత తీసిన, "ఉస్స్". బండి లేచింది. సబ్బు గీకేసి మళ్ల తిరిగినం, ఎంత తిరిగినా దగ్గలే. ఖాజా భాయ్ ఈసారి కండ్లు మూసుకొని పాట పాడుకున్నడు, రాగం మాత్రం బాగలేదు.

పోయేటప్పుడు వాళ్లింటామె ఖట్టా ఎట్ల చేస్తరో చెప్పింది, నేను సర్వపిండి చెప్పిన. ఖాజా భాయ్ ఆ సబ్బుముక్కను కాయితంల చుట్టి ఇచ్చి, "మీ పద్మ మేడంకు నా సలాం చెప్పు" అన్నడు.

తిరుగు తొవ్వల బంకుకాడ గూడ ఆగలే. మేడ్చల్, తూప్రాన్, రామాయంపేట, ఒక్క దగ్గు లేదు. కంకులామె కాడ ఆగి, ఇరవై రూపాయల కంకి ఏం బేరం చెయ్యకుండ తిన్న.

మార్కెట్ యార్డు ఎనుక

ట్యాంకు మళ్ల మూతిదాక నింపిన. మూత తూటుకు సబ్బు పెట్టిన. పద్మ ఇంటికి పోయి, "ఒక్కసారి కూసో, నా కోసం" అన్న. రానన్నది. వాళ్లాయన, "పోరాదు, మేడం గంత దూరం పోయి వచ్చింది" అన్నడు. ఆమె వచ్చి కూసున్నది. 

మార్కెట్ యార్డు ఎనుక రోడ్డు ఆ టైముల ఖాళీగ ఉంటది. చుట్టు తిప్పించిన. ఒక చుట్టు, ఇంకో చుట్టు. "ఎడమ కాలు మొత్తం తీసి పక్కకు పెట్టు" అన్న. పెట్టింది. "కాలు దిక్కు చూసుకో. ఏడ ఉన్నది?"

"పక్కకు ఉన్నది మేడం."

"అక్కడనే ఉంచు, రోడ్డు నేను చూస్త."

మూడో చుట్టుల బండి దగ్గింది.  పద్మ స్టీరింగు గట్టిగ పట్టుకున్నది. బండి ఆగింది. ఆమె కాలు ఎక్కడుందో అక్కడనే ఉన్నది. దాని దిక్కే చూస్తున్నది, వేరేటోళ్ల కాలు చూసినట్టు.

"దిగు. ఎనుకకు పోయి పెట్రోలు మూత తియ్యి. నేను రాను, నువ్వే తియ్యి."

పోయింది. అద్దంల చూస్తున్న. రెండు చేతులతోని తిప్పింది. "ఉస్స్" మని నాకు గూడ వినబడ్డది. ఆమె మూత పట్టుకొని గట్లనే నిలబడ్డది. తర్వాత రోడ్డు మీదనే కూసున్నది, చీర మట్టవుతదని గూడ చూసుకోలే. నేను పోయి పక్కన కూసున్న. పసుపు, కుంకుమ, తూటు, సబ్బు, పత్తర్‌గట్టి, అన్ని చెప్పిన. వింటున్నదో లేదో తెలువలే. చాన సేపు ఏడ్చింది. నేను ఆపలే.

"నేను కాదు గద మేడం" అన్నది.

"నువ్వు కాదమ్మా."

కొంగుతోని ముఖం తుడుసుకున్నది. సబ్బు గీకేద్దమని నేను పిన్నీసు తీసిన. పద్మ మూతను నా చేతికి ఇయ్యలే. సబ్బు అట్లనే ఉంచి, దాన్ని మళ్ల గట్టిగ బిగించింది. పోయి డ్రైవరు సీట్ల కూసొని, బెల్టు పెట్టుకొని, అద్దంలకెళ్లి నా దిక్కు చూసింది.

"ఇంకొక్కసారి ఆపుదమా మేడం?"